800 కట్టి మా అమ్మమ్మ బస్తీకి టూరిస్టుగా వెళ్లొచ్చాను

ముందే చెప్పేస్తున్నా, ఆ పాతబస్తీ హెరిటేజ్ వాక్ నడిపే సంస్థ పేరు ఇందులో రాయను. నాకు వాళ్లతో పగేం లేదు. మమ్మల్ని తిప్పిన పిల్లాడు నిజంగా మంచివాడు. కాకపోతే నా దగ్గర నాలుగైదు ఫిర్యాదులున్నాయి, పేరు పెట్టి రాస్తే తిట్లన్నీ పోయి పోయి ఆ పిల్లాడి నెత్తిన పడతాయి. చార్మినార్ చుట్టూ ఆదివారం పొద్దున ఇలాంటి హెరిటేజ్ వాక్‌లు ఇప్పుడు చాలామంది నడుపుతున్నారు, మీరు ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ఇందులో సగమైనా పనికొస్తుంది.

అసలు నాకు వెళ్లాలనే లేదు. మా అన్నయ్య కూతురు న్యూజెర్సీ నుంచి వచ్చింది, ఫోన్‌లో ఏదో రీల్ చూసి "అత్తా, మనిద్దరికీ ఓల్డ్ సిటీ వాక్ బుక్ చేసేశా, మనిషికి 800 మాత్రమే" అంది. మాత్రమేనట! నేను పుట్టింది ఆ పాతబస్తీలోనే, హరిబౌలిలో, మా అమ్మమ్మ ఇంట్లో. పన్నెండేళ్లు వచ్చేదాకా నేనూ మా అన్నయ్యా పెరిగింది ఆ గల్లీలోనే. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలుంటాయి కదా, 1889లో పెట్టినవి, అవి చూసుకుని స్కూలుకు పరిగెత్తినదాన్ని. ఇప్పుడు ఇద్దరికీ కలిపి 1,600 కట్టి, మెడలో వాళ్లిచ్చిన బిళ్ల వేసుకుని అదే చార్మినార్ చూడ్డానికి పోవడం అంటే సొంత పెళ్లికి టికెట్ కొనుక్కున్నట్టుంది. కానీ పిల్ల ముచ్చట పడింది, కాదనలేకపోయాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా మదీనా చౌరస్తాలో ఉండమన్నారు. మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోలో ఆరుంబావుకే దిగాం. గైడ్ వచ్చింది ఏడు దాటి పది నిమిషాలకు. ఇదీ మొదటి ఫిర్యాదు. వాట్సాప్ గ్రూపులో "ఆన్ ద వే" అని రెండుసార్లు పెట్టాడు, ఆ ముక్కకు హైదరాబాద్‌లో అర్థం ఏంటో మనకు తెలుసు. రెండోది గుంపు. బుకింగ్ పేజీలో పన్నెండు మందే అన్నారు, అక్కడ చూస్తే పద్దెనిమిది మందిమి తేలాం. వాడి నడుముకు కట్టుకున్న చిన్న స్పీకర్ గురగురమంటుంటే వెనకున్న నలుగురికి ఏమీ వినపడదు. ఆ నలుగురిలో నేనొకదాన్ని.

పత్తర్‌గట్టి దగ్గర మాత్రం బాగా చెప్పాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చి ఊరిని ఊడ్చుకుపోయింది కదా. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని వరద అనేవాళ్లు కాదు, తుగ్యానీ అనేవాళ్లు. ఎవరి వయసు లెక్కేయాలన్నా తుగ్యానీకి ముందు పుట్టిందా, తర్వాత పుట్టిందా అని మొదలుపెట్టేవాళ్లు. ఆ దెబ్బ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, ఇరుకు గల్లీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు, ఆ పనుల్లోనే పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస లేచింది. పొద్దున ఏడింటికి షట్టర్లు దించి ఉంటాయి. తలుపులకు వేలాడే షేర్వాణీలు ఉండవు, ఫుట్‌పాత్ మీద దుప్పట్ల మూటలు ఉండవు, అప్పుడు చూడాలి ఆ రాయిని. నేను పన్నెండేళ్లు ఆ దారిన తిరిగి కూడా కమాన్ల పైన అంత పని ఉందని ఎప్పుడూ తలెత్తి చూడలేదు. ఎత్తినా ఏముంది చూడ్డానికి, ఫ్లెక్సీలూ కరెంటు వైర్లూ తప్ప. ఈ ఒక్కచోట నా 800లో ఓ మూడు వందలు వసూలయ్యాయనుకోండి.

అక్కడే నాకొక విషయం తట్టింది, పిల్లాడు చెప్పలేదు కానీ. ఇవాళ మనం కాపాడుకోవాలని గుండెలు బాదుకునే పత్తర్‌గట్టి కూడా రోడ్డు వెడల్పులోంచి పుట్టిందే. పాతవి కూలగొట్టే కట్టారు. కాకపోతే కూలగొట్టి ఊరుకోలేదు. నీడ ఉండాలని కమాన్లు పెట్టారు, నడిచేవాడికి దారి వదిలారు, వ్యాపారం చేసుకునేవాడికి చోటు చూపించారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో హరిబౌలి దగ్గర మళ్లీ వస్తుంది.

తర్వాత బాద్‌షాహీ అశూర్‌ఖానా. మీరు వేరే ఏదీ చూడకపోయినా సరే, ఇది చూడండి. చార్మినార్ కట్టిన కొద్ది సంవత్సరాలకే కులీ కుతుబ్‌షా కట్టించాడు. మొహర్రంలో పీర్లను, అదే ఆలంలను, నిలబెట్టే చోటు. బయట నుంచి చూస్తే ఏమీ అనిపించదు. లోపలికి వెళ్తే గోడలనిండా పింగాణీ పలకలు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఒక్కో ముక్కా కోసి అతికించి కూర్చిన పని. నాలుగు వందల ఏళ్ల కిందటిదంటే నమ్మబుద్ధి కాదు, ఆ పసుపు నిన్న వేసినట్టుంటుంది. దగ్గరికెళ్లి కింది భాగం చూడండి. కొన్నిచోట్ల ముక్కలు మొదలవ్వాల్సిన చోట ముక్క ఉండదు, ఊరికే రంగుతో వేసిన బొమ్మ ఉంటుంది. తుగ్యానీ నీళ్లు లోపలికొచ్చి పలకలు దెబ్బతింటే, ఆ ఖాళీలను అలా రంగుతో నింపారు. పైన పలక మీద వెలుతురు పడితే మెరుస్తుంది, కింద రంగు మీద పడితే మెరవదు. మా పిల్ల వేలు పెట్టి చూపిస్తూ "అత్తా, నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయన్నమాట" అంది. నాకు ఒళ్లు జలదరించింది. పెద్దవాళ్ల కబుర్లలో విన్న తుగ్యానీ అక్కడ గోడ మీద నా నడుం ఎత్తున కనబడింది.

దురదృష్టం ఏంటంటే పద్దెనిమిది మందిమీ ఒకేసారి లోపలికి దూరాం, సగంమంది సెల్ఫీలు. లోపల ఒక పెద్దాయన మూల కూర్చుని తన మానాన తాను దువా చేసుకుంటున్నాడు. ఆయన ముందు నుంచి ఇటు పదిసార్లు అటు పదిసార్లు తిరిగారు మనవాళ్లు. గైడ్ ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, ఇది మ్యూజియం కాదు, ఇప్పటికీ మనుషులు మొక్కుకునే చోటు అని. తెలుగిళ్లల్లో పీర్ల పండుగకు మొక్కులు మొక్కని ఇల్లుంటుందా మా వైపు? మా అమ్మమ్మ అయితే మొహర్రంలో పీర్లకు దట్టీ కట్టి, ఆషాఢంలో లాల్ దర్వాజ అమ్మవారికి బోనం ఎత్తేది. రెంటికీ మధ్య తేడా ఉందని ఎవరైనా అంటే ఆమెకు అర్థమయ్యేది కాదు.

చార్మినార్ దగ్గర మామూలు కథలే. ఊళ్లో ప్లేగు తగ్గినందుకు 1591లో కట్టారనీ, భాగమతి కోసం ఊరికి భాగ్యనగరం అని పేరు పెట్టారనీ, కింద నుంచి గోల్కొండకు సొరంగం ఉందనీ. ఈ మూడింటి మీదా చరిత్రకారులు కొట్టుకుంటూనే ఉన్నారు. చెప్పొద్దని అనను, కథలు లేకుండా ఊరేంటి, కానీ కథని కథలా చెప్పాలి. అచ్చం నిజంలా చెప్పేస్తే పక్కనున్న చిన్నపిల్లలు రేపు పరీక్షలో రాసేస్తారు. గుల్జార్ హౌజ్ దగ్గర నాలుగు కమాన్ల పేర్లు చెప్పి సరిపెట్టాడు. మక్కా మసీదు మొదలుపెట్టింది 1617లో కుతుబ్‌షాహీలు, పూర్తిచేసింది 1694లో ఔరంగజేబు, అంటే కట్టిన వంశం పోయి, పడగొట్టినవాడు వచ్చి పూర్తి చేశాడు. ఇది మాత్రం చక్కగా చెప్పాడు, అందరూ నవ్వారు.

నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ 800లోనే కలిపారు. చాయ్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, పొద్దున ఎనిమిదింటికి చార్మినార్‌ను ఎదురుగా పెట్టుకుని నిలబడి తాగితే బాగోక ఏమవుతుంది. ఒక్క సంగతి, ఆడవాళ్లు తప్పకుండా చదవండి, మూడు గంటల నడకలో బాత్రూం ఎక్కడా లేదు. అడిగితే "చివర్లో చౌమహల్లాలో ఉంది మేడం" అన్నాడు. చివరంటే పదిన్నర. మా గుంపులో అరవై దాటిన ఒకామె చాయ్ ముట్టుకోలేదు, ఎందుకో నాకు తెలుసు. డబ్బు తీసుకుని నడిపించేవాళ్లు ఏ హోటల్‌వాళ్లతోనో ముందే మాట్లాడి పెట్టుకోవద్దా?

ఇప్పుడు అసలు ఫిర్యాదు. లాడ్ బజార్‌లోకి మేం అడుగుపెట్టింది ఎనిమిదిన్నరకు. ఒక్క షాపు కూడా తెరవలేదు! పాతబస్తీలో పదకొండు దాటితే గానీ షట్టర్ లేవదు, ఇది పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. మూసిన షట్టర్ల ముందు నిలబెట్టి గాజుల గురించి ఐదు నిమిషాల ఉపన్యాసం. "ఇక్కడ లక్క గాజులు చేస్తారు, ఇక్కడ అత్తరు అమ్ముతారు, అటువైపు వెండి రేకు కొట్టేవాళ్లు ఉంటారు." ఉంటారు, ఎప్పుడు? మేం ఇళ్లకు పోయాక. మిఠాయి మీద అంటించే ఆ వెండి వరఖ్ ఉంది చూశారూ, తోలు పుస్తకంలో ఆకుల మధ్య వెండి ముక్క పెట్టి సుత్తితో గంటల తరబడి కొడతారు. మా చిన్నప్పుడు చార్‌కమాన్ వైపు వెళ్తుంటే ఆ టక్ టక్ ముందు వినిపించేది, తర్వాత దుకాణం కనిపించేది. ఇప్పుడు కొట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వాళ్లను చూపించకుండా వాళ్ల షట్టర్ చూపిస్తే ఏం లాభం?

గోడలకు పొద్దున మంచిది, ఒప్పుకుంటా. పత్తర్‌గట్టి అందుకే అంత బాగుంది. కానీ పాతబస్తీ అంటే గోడలేనా? వీళ్ల కార్యక్రమం మొత్తం మనుషులు లేని టైం చూసి పెట్టుకున్నట్టుంది, పెళ్లివాళ్లు నిద్రలేవక ముందే మండపం చూసి వచ్చినట్టు.

మనుషులు కనిపించిన ఒకే ఒక్క చోట ఏం జరిగిందో చెప్తా. మహబూబ్ చౌక్ గడియార స్తంభం, అదే 1892లో ఆస్మాన్ జా కట్టించింది, అక్కడి నుంచి ఖిల్వత్ వైపు లోపలి గల్లీల్లోంచి తీసుకెళ్లాడు. ఒక పాత దేవిడి, అదే నవాబుల కాలం నాటి పెద్ద ఇల్లు, వాకిలికి చెక్క తలుపు, సగం తెరిచి ఉంది, లోపల ఒకావిడ నైటీలో పళ్లు తోముకుంటోంది. మా గుంపులో పెద్ద కెమెరా వేసుకొచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి టపటపా నాలుగు ఫోటోలు కొట్టాడు. ఆమె తలుపు ధడేల్మని వేసుకుంది. గైడ్ చూశాడు, చూసి ఏమీ అనలేదు. నేనే "ఏమండీ, మీ ఇంటి ముందు ఎవరైనా ఇలా నిలబడితే ఊరుకుంటారా" అన్నాను. ఆయన "హెరిటేజ్ కదండీ" అన్నాడు. ఆమె పళ్లు తోముకోవడం కూడా హెరిటేజేనా అని అడగాలనిపించింది, పిల్ల చెయ్యి పట్టుకుని లాగేసింది.

చౌమహల్లా దగ్గర వాక్ అయిపోయింది. లోపలికి టికెట్ 800లో లేదు, అది మళ్లీ మనమే కొనుక్కోవాలి, ఈ విషయం బుకింగ్‌లో ఎక్కడో అడుగున రాసి ఉందట. ప్యాలెస్ మాత్రం చూసి తీరాల్సిందే. ఒకప్పుడు పాడుబడిపోయినదాన్ని బాగుచేసి జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. నిజాం ఆస్తి కాబట్టి బాగుపడింది. ఆ పక్క గల్లీలోనే ఇరవై వాటాలైన దేవిడీలకు పైకప్పు పెంకు మార్చే దిక్కు కూడా లేదు. అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, కోర్టు కేసులు, ఎవడు సంతకం పెడతాడు? 2017లో రాష్ట్రానికి హెరిటేజ్ చట్టం వచ్చింది సరే, చట్టం కూల్చొద్దంటుంది గానీ కురిసే కప్పు కింద బకెట్ పెట్టదు కదా.

ఇంకో లెక్క. పద్దెనిమిది మంది ఎనిమిది వందలు, 14,400. అందులో చాయ్ బిస్కెట్ల డబ్బులు తప్ప ఒక్క రూపాయి మేం చూసిన బస్తీలో ఖర్చుపెట్టలేదు, పెడదామన్నా షాపులు మూసి ఉన్నాయి. ఇదే వాక్ పదకొండింటికి మొదలుపెట్టి గాజులవాడి దగ్గర పావుగంట, నాన్ భట్టీ దగ్గర పావుగంట కూర్చోబెడితే జనం వాళ్లంతట వాళ్లే కొంటారు. ఎండ అంటారా, చలికాలంలో ఎండేముంది, ఎండాకాలంలో సాయంత్రం పెట్టుకోండి.

రేటింగ్ అడిగేవాళ్ల కోసం: గోడలకు ఐదుకు నాలుగున్నర, మనుషులకు ఒకటి, గైడ్‌కు నాలుగు, నిర్వాహకులకు రెండు. మొదటిసారి హైదరాబాద్ చూసేవాళ్లయితే వెళ్లండి, పత్తర్‌గట్టి, అశూర్‌ఖానా రెండూ చాలు. ఇక్కడివాళ్లయితే డబ్బు దండగ, మీ అంతట మీరే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడవండి. కారు మాత్రం తేకండి, పార్కింగ్‌కు పెట్టే టెన్షన్ 800 కంటే ఎక్కువ.

మేం అదే చేశాం. చౌమహల్లా చూసుకుని పన్నెండింటికి మళ్లీ లాడ్ బజార్‌కు వచ్చాం. పొద్దున చచ్చిపోయినట్టున్న బజార్ ఇదేనా అని పిల్ల నోరెళ్లబెట్టింది. పెద్ద షాపుల్లోకి పోకుండా, మెట్టంత వెడల్పున్న ఒక దుకాణంలో చేత్తో గాజులు చేస్తున్న ఆయన దగ్గర కూర్చున్నాం. ముందు ఒక చిన్న బొగ్గుల కుంపటి. లక్క ముద్దను దాని మీద వేడి చేసి, మెత్తబడ్డాక పలక మీద పాములా పొడుగ్గా నులిమాడు. దాన్ని లోహపు రింగు చుట్టూ అతికించి, మళ్లీ కుంపటి మీద ఆడించి, వేడి ఉండగానే ఒక్కో రాయీ తీసి నొక్కుతున్నాడు. రాయి ఆవగింజంత ఉంది. లక్క చల్లారితే రాయి దిగదు, మరీ వేడెక్కితే మునిగిపోతుంది, మధ్యలో ఉండే ఆ రెండు మూడు క్షణాల్లోనే పని అయిపోవాలి. ఆయన వేళ్ల చివర్లు నున్నగా గట్టిపడిపోయి ఉన్నాయి, గీతలే లేవు. "ఆధార్‌కు వేలిముద్ర పడుతుందా భాయ్" అని అడిగా. "పడదక్కా, ప్రతిసారీ కన్ను పెట్టి పోతా" అన్నాడు నవ్వుతూ.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్, అదే ఈ సరుకు ఈ ఊరిదే అనే గుర్తింపు, వచ్చింది కదా, ఏమైనా మారిందా అని అడిగితే ఆయన చెయ్యి ఆపకుండానే "ట్యాగ్ వచ్చింది అక్కా, కొడుకే రాలే" అన్నాడు. కొడుకు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడట. గైడ్ ఐదు నిమిషాల ఉపన్యాసంలో లేనిదంతా ఈ నాలుగు మాటల్లో ఉంది. నాది రెండు ఆరు సైజు, పిల్లది రెండు నాలుగు, పిల్ల చెయ్యి కొలిచి కూడా చూడలేదు, చూపుతోనే చెప్పేశాడు. జత చేయించుకుని అక్కడే వేసుకున్నాం. ఇంకా కొంచెం వెచ్చగా ఉన్నాయి. ఆయనకు ఐదుకు ఐదు.

అక్కడి నుంచి హరిబౌలికి నడిచాం. ఎంతో దూరం లేదు, ఏ వాక్‌వాళ్లూ మాత్రం అటు తీసుకెళ్లరు, అటువైపు ఫోటోకు పనికొచ్చేదేం లేదని కాబోలు. అక్కన్న మాదన్న గుడి అక్కడే. గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా దగ్గర మంత్రులుగా చేసిన అన్నదమ్ముల పేరు ఇంకా ఆ గుడికి ఉంది, మన భక్త రామదాసు వాళ్లకు మేనల్లుడే. బోనాల చివరి రోజు అమ్మవారి ఘటం ఏనుగు మీద ఇక్కడి నుంచే బయల్దేరి చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా వెళ్తుంది. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం కూడా డబీర్‌పురా నుంచి ఏనుగు మీదే వస్తుంది. చిన్నప్పుడు మాకు రెండూ ఏనుగు పండుగలే, ఏది ఎవరిదో తర్వాత తెలిసింది.

తెలిసేలా చేసింది 1990 డిసెంబర్. ఆ హిందూ ముస్లిం గొడవల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. మా గల్లీలో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, అయినా వేసవి వచ్చేసరికి మేం ఇల్లు అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేశాం. వేరే బస్తీల్లోంచి భయపడి వచ్చిన ముస్లిం కుటుంబాలు మా వైపు చేరాయి. హెరిటేజ్ వాక్‌లో ఎవరూ ఇది చెప్పరు, బస్తీ ఎందుకు మారిందని ఎవరైనా అడిగితే "ట్రాఫిక్, కమర్షియలైజేషన్" అంటారు.

మా పక్కింటి ఖాలా పోయి చాలా ఏళ్లయింది. వాళ్లబ్బాయి, మా అన్నయ్య ఈడువాడు, ఇంటి ముందు భాగంలో కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల పైనే అయింది, మొహం చూసి గుర్తుపడతాడా అనుకుంటుంటే "అరే, చిన్నీ నువ్వేనా, ఈ పోరి ఎవరు" అన్నాడు తెలుగులోనే. నల్లా నీళ్లు రోజు మార్చి రోజు తెల్లవారి నాలుగింటికి వచ్చేవి అప్పట్లో. ముందు రాత్రే బిందెలు లైన్లో పెట్టేవాళ్లం, మా బిందె వెనక్కి జరిపాడని నేను ఇతన్ని ఒకసారి కొరికాను. అది కూడా గుర్తుంది మహానుభావుడికి, పిల్లకు చెయ్యి చూపించి మరీ చెప్పాడు.

చాయ్ తెప్పించి, గోడ చూపించాడు. ఎర్ర రంగుతో ఒక నంబరు, పక్కనే నిలువుగా గీత. మెట్రో ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు ఇటు నుంచే వెళ్లబోతోంది, దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, శాలిబండ మీదుగా. దానికోసం రోడ్డు వెడల్పు. 2025 జనవరిలోనే ఈ దారిలో కూల్చడం మొదలుపెట్టారు. "గజానికి 81 వేలు అన్నరు. దుకాణం పోతది, ఎనక రెండు అర్రలు మిగుల్తయి. మిగిలిన దాంట్ల దుకాణం పెట్టాల్నా, మేం ఉండాల్నా?" అన్నాడు. కోపంగా కాదు, ఏ సరుకు తెప్పించాలో అడుగుతున్నట్టు మామూలుగా. మెట్రో వద్దా మరి అంటే, "వద్దని ఎవరన్నరు? బిడ్డ మాదాపూర్‌ల జేస్తది, పోను రెండు గంటలు రాను రెండు గంటలు" అన్నాడు. నాకు పత్తర్‌గట్టి గుర్తొచ్చింది. అప్పుడు రోడ్డు వెడల్పు చేసినవాళ్లు దుకాణాలవాళ్లకు కమాన్లు కట్టించారు, ఇప్పుడు చేసేవాళ్లు చెక్కు ఇస్తున్నారు.

మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తులు. ఒక కుటుంబం కింద ఉంటోంది, అడిగితే లోపలికి రమ్మన్నారు, పిల్ల చెప్పులు విప్పి మరీ వెళ్లింది, ఫోన్ బయటకు తీయలేదు, పొద్దున కెమెరా ఆయన్ని చూసిన ఫలితం కాబోలు.

సాయంత్రానికి సంస్థవాళ్లు మెసేజ్ పెట్టారు, ఫైవ్ స్టార్ ఇవ్వమని. ఇంకా ఇవ్వలేదు. రాత్రి అన్నయ్య అమెరికా నుంచి వీడియో కాల్ చేశాడు. గాజులు చూపించాం, అశూర్‌ఖానా ఫోటోలు చూపించాం, అవేవీ సరిగ్గా చూడలేదు.

"మన ఇంట్లో బావి ఉందా?" అన్నాడు.

"ఉంది. మీద స్లాబ్ పోసేశారు, దాని మీద యాక్టివా పెట్టుకుంటున్నారు."

"గీతకు ఇవతలా, అవతలా?"

"అవతల. నాలుగడుగులు లోపలికే ఉంది" అని మా పిల్లే చెప్పింది. అది అడుగులు వేసి కొలిచొచ్చిందట, నేను చూడలేదు.